గిన్నె ముఖం ఎటు?

"ఇకనుంచి నా ఇంటి వైఫై నా ఒక్కడిది కాదు. యార్డు అవతలి పేట మొత్తానిది" అని వార్డు మెంబరుగారు విలేకర్ల ముందు ప్రకటించినప్పుడు ఆయన చేతులు రెండూ గాల్లో ఉన్నాయి. ప్రజలను దీవించడానికి కాదు. దర్జీ అక్క ఆయన చంకల కింది నుంచి టేపు తిప్పి ఛాతీ కొలత తీస్తోంది. ఫోటోలో మాత్రం దీవిస్తున్నట్టే పడింది. గొప్పవాళ్ళకు అన్నీ అలా కలిసొస్తాయి.

విలేకర్లు రాసుకుంటుండగా మెంబరుగారు తల వంచి మెల్లగా, "అక్కా, లాల్చీకి పొట్ట దగ్గర కాస్త వదులు పెట్టు. జనంలో తిరిగేవాణ్ణి" అన్నారు.

"పెడతాను బాబుగారూ. ఆ నెట్టులో బొమ్మ కూడా కనబడుతుందా?"

"బొమ్మేమిటక్కా, ప్రపంచమే కనబడుతుంది."

అక్కకు ప్రపంచంతో పని లేదు. తమ్ముడు కనబడితే చాలు.

ఆమెది యార్డు అవతలి పేటే. పేటకూ ఊరికీ మధ్య రైలు పట్టాలు, వాటి మీద ఎప్పుడూ కదలని గూడ్సు పెట్టెలు. ఆ స్థలంలోంచి రైల్వేవాళ్ళు కేబులు లాగనివ్వరు. పేటలో ఫోనుకు మాట వస్తుంది, బొమ్మ రాదు. తక్కినవాళ్ళు మాటతోనే సరిపెట్టుకుంటున్నారు. అక్క తమ్ముడు పుట్టు చెవిటి, మాట కూడా రాదు. ఎక్కడో దూరాన ప్రెస్సులో పుస్తకాలకు అట్టలు వేస్తాడు. అక్షరాలు ఇద్దరికీ రావు. చిన్నప్పటి నుంచి వాళ్ళిద్దరూ చేతులతో మాట్లాడుకున్నారు. వాడు వెళ్ళిపోయాక అక్క చేతులకు కుట్టడం తప్ప మాట్లాడే పని లేకుండా పోయింది.

యాంటెనా ఎంపికకు మెంబరుగారు ఒక కమిటీ వేశారు. అందులో ఆయన, ఆయన పీఏ, సాంకేతిక సలహాదారు హోదాలో ఆయన బావమరిది. బావమరిది ఒకసారి అత్తగారింటి టీవీ రిమోటును నేలకేసి కొట్టి బాగుచేసినవాడు. గుండీలు కుట్టడానికి వచ్చిన దర్జీ అక్క గుమ్మం పక్కన కూచుని ఈ సమావేశాన్ని కళ్ళారా చూసింది.

ఎలక్ట్రానిక్సు షాపాయన భోజనాల బల్ల మీద మూడు రకాలు పరిచాడు.

"ఇది కర్ర యాంటెనా సార్. చుట్టూ అన్ని వైపులకూ పంపిస్తుంది. దూరం మాత్రం పోదు."

"అందరికీ పంపిస్తుంది, ఎవరికీ అందదన్నమాట. మన మేనిఫెస్టో లాగా" అన్నాడు బావమరిది భక్తిగా.

"అది ఎలాగూ ఉందిగా, మళ్ళీ ఇదెందుకు?" అని మెంబరుగారు కర్రను పక్కన పెట్టించారు.

"ఇది చేపముల్లు. ఒకవైపే పంపిస్తుంది, బాగానే పోతుంది."

"పాతకాలం టీవీ యాంటెనాలా ఉంది. పేటకు పాత టీవీ అంటగట్టానంటారు. తీసెయ్."

"అయితే ఇదిగో, గిన్నె. ఇంత దూరానికి ఇదే నయం సార్. కాకపోతే సూటిగా పేట వైపే చూడాలి. వేలెడు పక్కకు తిరిగినా సిగ్నలు గూడ్సు పెట్టెల పాలే."

మెంబరుగారి ముఖంలో బాధ కనబడింది. "ఒక్క వైపే చూడాలా? తక్కిన మూడు వైపులా ఉన్నవాళ్ళు ఓటర్లు కారా?"

"ఓటర్లే సార్. సిగ్నలుకి ఆ సంగతి తెలీదు."

అప్పుడు పీఏ ముందుకు వంగి, "సార్, కర్రమీదా ముల్లుమీదా పట్టదు గాని, గిన్నెలో మీ ఫోటో పడుతుంది" అన్నాడు.

"సాంకేతికంగా గిన్నే మేలు" అని బావమరిది వెంటనే ధ్రువీకరించాడు.

ఆ విధంగా గిన్నె ఏకగ్రీవంగా నెగ్గింది. పల్చటి కాగితం మీద అచ్చువేస్తే సిగ్నలుకు అడ్డం రాదని షాపాయన చెప్పగా, మెంబరుగారి నవ్వు ముఖాన్ని గిన్నె నిండా అతికించారు. నెట్టుకు పాస్‌వర్డు తాళం కూడా పెట్టొద్దని ఆయనే అన్నారు. ప్రజల సొత్తుకు ప్రజలు తాళం అడుక్కోవడమేమిటని కోప్పడ్డారు కూడా.

దీనికి జోడీగా అవతల ఒక చిన్న గిన్నె కావాలి. పేటలో అక్క ఇంటి మేడే ఎత్తు కాబట్టి అక్కడ బిగించారు. షాపాయన మెంబరుగారి మేడకూ అక్క మేడకూ తిరిగి తిరిగి రెండు గిన్నెలనూ ఎదురెదురుగా నిలబెట్టాడు.

అక్క ఫోనులో తమ్ముడు వచ్చాడు.

వాడు సన్నబడ్డాడు. మీసం పెంచాడు. అక్క ముందు మీసాన్ని తిట్టింది. వాడు నవ్వి, ఉండు ఉండు అన్నట్టు అరచేయి చూపించాడు. నీకొక మాట చెప్పాలి అన్నాడు చేతులతో. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు, ఆ చేతిని పక్కకు తిప్పాడు. అంతే, బొమ్మ అలాగే ఆగిపోయింది. తర్వాత అదీ పోయింది.

మంచి మాటో చెడ్డ మాటో తెలియదు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడంటే జబ్బేమో. అక్క మెడలో టేపు కూడా తియ్యకుండా పట్టాలు దాటి మెంబరుగారింటికి నడిచింది.

మేడ మీద గిన్నె పేటకు వీపు పెట్టి రోడ్డు వైపు తిరిగి ఉంది.

"ఇదేమిటి బాబూ, మా పేట అటు కదా" అంది పీఏతో.

"ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చేది రోడ్డు మీద నుంచి. ఆయనకు మన సారు వీపు చూపించమంటావా అక్కా?"

మెంబరుగారు ఇంకా ఓపికగా చెప్పారు. "అక్కా, నువ్వే ఆలోచించు. పేట వైపు తిప్పితే నా ముఖం ఎవరు చూస్తారు? గూడ్సు పెట్టెలు. వాటికి ఓటుందా?"

"లేదు బాబుగారూ. మా తమ్ముడు ఏదో చెబుతూ ఆగిపోయాడు."

"ప్రారంభోత్సవం కానీ. తర్వాత నీ తమ్ముడు చెప్పిందే చెబుతాడు."

మంత్రిగారు వచ్చి, గిన్నె మీది గుడ్డ లాగి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఫోటో దిగారు. మర్నాడు అక్క మళ్ళీ వెళ్ళింది. గిన్నె కింద రాతి పలక వెలిసింది. మంత్రిగారి అమృతహస్తాలతో నిలబెట్టబడినది అని దాని మీద చెక్కి ఉందట, పీఏ చదివి వినిపించాడు.

"మంత్రిగారు నిలబెట్టినదాన్ని మనం తిప్పితే అది క్రమశిక్షణ ఉల్లంఘన కిందికి వస్తుందక్కా. పైగా పథకం దివ్యంగా నడుస్తోంది. నెట్టు ఒక్క క్షణం ఖాళీ లేదు."

"పేటలో ఎవరికీ రావడం లేదు బాబూ."

"రాకపోతే ఎవరు వాడుతున్నట్టు?" అన్నాడు పీఏ. "పేట ఎంత చైతన్యంతో ఉందో చూశావా" అని మెంబరుగారు లోపలి నుంచి మురిసిపోయారు.

పీఏ ప్రశ్నకు జవాబు రోడ్డుకు అవతల ఉంది. అక్కడ మాజీ మెంబరుగారి ఇల్లు. ఎదుటి పార్టీవారు, మెంబరుగారికి బద్ధ శత్రువు. కొత్త బట్టలు కుట్టాలని ఆయన కబురు పెడితే అక్క వెళ్ళింది. ఆయన వరండాలో కార్యకర్తలు బారుగా కూచుని ఫోన్లు నొక్కుతున్నారు. మెంబరుగారిని తిడుతూ వీడియోలు తీసి, మెంబరుగారి నెట్టులోనే లోకానికి వదులుతున్నారు.

"ఇక్కడ భలే వస్తుందక్కా. నీ ఫోనూ కలుపుకో" అని ఒకడు జరిగి చోటిచ్చాడు.

తమ్ముడు వచ్చాడు. అక్క ఏమీ అడగలేదు. చెప్పు అని చెయ్యి ఊపింది. వాడు గుండె మీద చెయ్యి వేసుకుని పక్కకు తిప్పాడు. ఈసారి ఫోను కూడా పక్కకు తిరిగింది. అక్కడ ఒక అమ్మాయి, వేళ్ళకు బంక అంటుకుని ఉంది. చేతుల వైపు ఒకసారి చూసుకుని, తప్పుల తడకగా, వదినగారూ అంది వేళ్ళతో. దండం పెట్టింది. మళ్ళీ మొదటి నుంచి సరిగ్గా అంది.

అక్క మెడలోని టేపు చివరతో కళ్ళు ఒత్తుకుంది. మీసం తీసెయ్యమను వాణ్ణి అని ఆ పిల్లకు చెప్పింది. ఆ పిల్లకు అర్థమైంది.

అంతలో మాజీ మెంబరుగారు వంకాయరంగు గుడ్డ తాను పట్టుకుని వచ్చారు. అది ఆయన పార్టీ రంగు. "ఇందులో రెండు లాల్చీలు కుట్టాలమ్మా. ఒకటి నాకు. శుక్రవారం సభకల్లా కావాలి. బయట చెప్పకు."

"రెండోది ఎవరికి బాబుగారూ? కొలత తియ్యాలిగా."

ఆయన రోడ్డు అవతలి మేడ వైపు గడ్డం ఎత్తారు. గిన్నె నిండా మెంబరుగారు సూటిగా ఈ వరండాలోకే చూస్తూ నవ్వుతున్నారు.

"కొలతలు నీ దగ్గరే ఉన్నాయటగా. పొట్ట దగ్గర కాస్త వదులు పెట్టమన్నాడు."

అక్క తాను మడిచి చంకలో పెట్టుకుంది. "అలాగే బాబుగారూ. మీరూ మీరూ ఒకటయ్యారు గనక, ఆ గిన్నెను ఇకనైనా మా పేట వైపు తిప్పిస్తారా?"

మాజీ మెంబరుగారు నొచ్చుకున్నారు. "తిప్పడమెందుకమ్మా, ఇక్కడ బాగానే వస్తుంటే?"