వాన్ గోదాం వెనక మంచుయుగ మానవుడు

కెనడాలోని వాన్ అనే ఊళ్లో ఒక గోదాం వెనక ఖాళీ స్థలంలో మంచుయుగ మానవుడు రాతి పనిముట్టు వాడి, దాని తడి ఆరకముందే మాయమయ్యాడని 2023 అక్టోబరులో బయటపడింది.

మానవజాతి చరిత్రలో ఇంతకన్నా తీవ్రమైన ఇమిగ్రేషన్ ఉల్లంఘన లేదని ఉత్తర ప్రాచీన వలసల ధ్రువీకరణ మండలి ప్రకటించింది. (అలాంటి మండలి ఒకటుందని ఆ ప్రకటన వల్లే తెలిసింది.)

రాయి అరచేయంత. ఒక అంచు చెక్కి పదును పెట్టి ఉంది, ఒక పక్క గరుకు. మండలి సమీక్షాధికారి రంగనాథ్ గారు ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ తెలుగువారు, పుట్టు శాకాహారి. రాయిని వాసన చూసి, ముఖం తిప్పుకుని, "అతి ప్రాచీనం" అని రాశారు. ల్యాబ్ దాని వయసు పన్నెండు వేల ఏళ్లని తేల్చింది. (ల్యాబ్ ఫారంలో అంతకన్నా తక్కువ వయసుకు గడి లేదు.) అంచుకు అంటుకున్న పొలుసు శీలావతి చేపదనీ, గరుకు పక్కన ఉన్నది రాళ్లుప్పనీ కూడా తేలింది. కాబట్టి తొలి మానవులు గోదావరి నుంచి చేపను చంకన పెట్టుకుని, చెడకుండా ఉప్పు చల్లుకుంటూ, మంచు మీదుగా వాన్ దాకా నడిచారని మండలి తీర్మానించింది.

వచ్చినవాడికి స్టడీ పర్మిట్ లేదు. బయోమెట్రిక్స్ ఇవ్వలేదు. అయినా మండలి దయగలది. అతని పేరున ఫైలు తెరిచి, స్వయంగా హాజరై వివరణ ఇమ్మని రాయి ఫొటోతో సహా అక్కడే నోటీసు పాతింది. ఫైలు తేలేదాకా ఆ ఆవరణలో ఇంకెవరూ పని చేయకూడదు. గోదాం మూతపడింది, షిఫ్టులన్నీ రద్దయ్యాయి.

అలా షిఫ్టులు పోయిన కాలేజీ విద్యార్థుల్లో కరీంనగర్ వర్షిణి, కాకినాడ నతానియేలు ఉన్నారు. ఇద్దరూ ఒకే బేస్‌మెంట్‌లో అద్దెకుంటారు. (సూపర్‌వైజర్ పోస్టుకు అప్లై చేసిన నతానియేలును, కెనడియన్ ఎక్స్‌పీరియెన్స్ లేదని అదే గోదాం అంతకుముందే తిరస్కరించింది.)

"శుక్రవారం ఫీజు డెడ్‌లైన్. షిఫ్టుల్లేకుంటే నా సెమిస్టర్ పాయె," అంది వర్షిణి. "నోటీసు మీద రాయి చూసినవా?"

"చూశా."

"గుర్తువట్టినవా?"

నతానియేలు చెప్పుల వైపు చూశాడు.

"పోయి చెప్పు మరి!"

"చెబితే నా స్టేటస్ ఏమవుద్దో?"

"వాడు పర్మిట్ లేకుండ పన్నెండు వేల ఏండ్లున్నడు. వాన్నే పంపలే, నిన్ను పంపుతరా?"

మర్నాడు నతానియేలు మండలి ముందు నిలబడ్డాడు.

"హాజరు కావలసింది మంచుయుగ మానవుడు. నువ్వెవరు బాబూ?" అన్నారు రంగనాథ్ గారు.

"ఆయన్ని నేనే అంకుల్. సారీ, సార్. ఆ రాయి నాదే. చేపలు ఇంట్లో కడగొద్దన్నాడు ఓనరు. ఎటోబికోలో చేపల షాపులో క్లీన్ చేసే ఇస్తారు, కానీ షాపోడు తోమింది మా అమ్మ దృష్టిలో తోమినట్టే కాదు. రాళ్లుప్పేసి గరుకు రాయి మీద రుద్దితేనే జిగురు పోద్ది. అందుకే బ్రేక్‌లో గోదాం వెనక్కెళ్లి రుద్దా. రెక్కలు కొయ్యడానికి అంచు కూడా నేనే చెక్కా. బ్రేక్ అయిపోయిందని రాయి అక్కడే వదిలేసి పరిగెత్తా. తప్పయిపోయింది, గోదాం తెరిపించండి సార్. ఒకవేళ రాయి పాతదే అని మీరు గట్టిగా అంటే మాత్రం, ఆ పన్నెండు వేల ఏళ్లూ నా కెనడియన్ ఎక్స్‌పీరియెన్స్ కింద రాసివ్వండి."