పెద్దాయన్ని బయట కట్టేసిన రోజు

ఆ శనివారం పొద్దున నీటి సరఫరా ఆఫీసు హెడ్ గుమాస్తా ఒక గట్టి నిర్ణయంతో నిద్రలేచాడు. ఈ రోజు నుంచి కుక్క బయటే పడుకోవాలి. ఆ నిర్ణయానికి కారణం ఆయన కాళ్ల మీదే పడుకుని గురక పెడుతోంది. వారం రోజులుగా చలి ముదిరింది. వీధిలో నోరు తెరిస్తే పొగ వస్తోంది, కుళాయిల్లో గడ్డకట్టిన నీళ్లు పొద్దెక్కితే గానీ కరగడం లేదు. ఆ వారం రోజులుగానూ మంచం నడిమి భాగం కుక్కది, అంచు ఆయనది.

కుక్క పేరు పెద్దాయన. పిల్లగా ఇంటికొచ్చిన రోజునే దానికి తెల్ల మీసాలు, తెల్ల కనుబొమలు, పెన్షను కాగితాలు చదువుతున్నట్టుండే మొహం ఉన్నాయి. గుమాస్తా భార్య చూసీ చూడగానే, "అచ్చం ఎవరో పెద్దాయనలా ఉన్నాడండీ!" అంది. పేరు అదే ఖాయమైంది, పేరుతోపాటు మర్యాద కూడా. ఆ ఇంట్లో కుక్కని 'అది' అన్నవాళ్లకి ఆ పూట కాఫీ ఉండదు. పెళ్లయి పాతికేళ్లయినా తనకి దక్కని గౌరవం ఒక కుక్కకి దక్కుతోందని గుమాస్తాకి లోపల్లోపల మంటగానే ఉండేది.

"దేవుడు ఆ ఒంటికి జానెడు బొచ్చు ఎందుకిచ్చాడు?" అన్నాడాయన కాళ్లు లాక్కుంటూ. "హీటరు పక్కన పడుకుని రొప్పడానికా? ఆ నాలుక చూడు, బారెడు వేలాడుతోంది. మంచులో తిరిగే జాతి అది!"

"అది కాదు, ఆయన."

"సరే, ఆయనే! ఆయన బయటే హాయిగా ఉంటాడు!"

"అంత హాయిగా ఉంటే మీరు పడుకోండి. వయసు మీద పడింది, కీళ్లు పట్టేస్తాయి పాపం."

"నిన్న పైపు పగిలిందని చెప్పడానికొచ్చిన ఆవిడ, ఆ సంగతి మర్చిపోయి నా కోటు మీద వెంట్రుకలు ఏరుతూ కూర్చుందే! పదిమందిలో నా పరువేం కావాలి?"

భార్య పెద్దాయన చెవులు నిమురుతూ కూర్చుంది. ఆవిడ మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కవేయడం గుమాస్తా జీవితమంతా చేస్తూ వచ్చిన పొరపాటు.

నిజానికి ఆయన కసాయివాడేమీ కాదు. ముందు రోజే పాత చెక్క బీరువా ఒకటి కోసి చక్కటి పెట్టె తయారుచేశాడు. నేల చెమ్మ తగలకుండా నాలుగు ఇటుకల మీద నిలబెట్టి, లోపల ఎండుగడ్డి పరిచి, గాలి కొట్టకుండా గోనెపట్టా వేలాడదీసి పెరటి వరండాలో పెట్టాడు. పెరటి గేటుకి గడియ సరిగ్గా పడదు కాబట్టి గొలుసు కూడా వేశాడు. పెద్దాయన పెట్టెలో దూరి, గడ్డం బయటపెట్టి, చల్లగాలికి కళ్లు మూసుకున్నాడు. "చూశావా!" అని కిటికీలోంచి చూస్తున్న భార్యకి వినబడేలా అరిచి, గుమాస్తా ఆఫీసుకి వెళ్లిపోయాడు.

ఆయనకి ఫోన్లో మాట్లాడటం తెలియదు. అవతలి మనిషికి ఫోను లేకపోయినా వినబడేంత గట్టిగా మాట్లాడతాడు. పదకొండింటికి భార్య ఫోను చేసినప్పుడు ఎదుటి బల్ల దగ్గర టైపిస్టు, మూల బల్ల దగ్గర రికార్డుల గుమాస్తా, అద్దాల గదిలో సూపరింటెండెంటు మేడమ్ ఉన్నారు. ముగ్గురికీ ఇటువైపు మాటలే వినపడ్డాయి.

"ఏంటీ, పెద్దాయన ఏడుస్తున్నాడా? ఏడవనీ. రెండ్రోజుల్లో అదే అలవాటవుతుంది... గొలుసు విప్పావంటే ఊరుకోను!... తిండి కూడా ఆ గిన్నెలోనే పడెయ్, లోపలికి రానివ్వకు... దుప్పటా? ఎందుకూ, చింపుకోవడానికా?... పక్కింటావిడ మీదికి పళ్లు చూపించాడా? అయితే మూతికి పట్టా కట్టు!"

టైపిస్టు వేళ్లు మిషను మీదే ఆగిపోయాయి. గుమాస్తా తండ్రి ఆఫీసులో అందరికీ తెలిసినవాడే. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. కొడుకు దగ్గరే ఉంటాడు, నెలకోసారైనా ఆఫీసుకొచ్చి అందరినీ పేరుపేరునా పలకరించి పోతాడు. నాలుగు రోజుల క్రితం నాలుగు వీధుల అవతల ఉన్న కూతురింటికి వెళ్లాడన్న సంగతి మాత్రం ఆఫీసులో ఎవరికీ తెలియదు.

మేడమ్ గుమాస్తాని లోపలికి పిలిచింది.

"పెద్దాయన సంగతి విన్నాను," అంది గంభీరంగా.

"మీ దాకా వచ్చిందా మేడమ్! మీరైనా న్యాయం చెప్పండి. ఇల్లంతా వెంట్రుకలు, సోఫా అంతా చొంగ. ఎంతని భరిస్తాం?"

"ఈ చలిలో బయట ఉంచారా?"

"ఇక రాత్రీ పగలూ బయటే మేడమ్."

"వయసెంతండీ?"

"మన లెక్కలో డెబ్బై దాటినట్టే. ఎవరైనా తీసుకుంటే ఇచ్చేద్దామని కూడా చూశాను. అంత ముసలివాళ్లని ఎవరూ తీసుకోరట."

మేడమ్ మొహం ఎర్రబడింది. పొమ్మని చెయ్యి ఊపింది. న్యాయం తనవైపే ఉందని తేలిపోయినందుకు గుమాస్తా ఈల వేసుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు.

ఈలోపు రికార్డుల గుమాస్తా వసారాలోకి వెళ్లి ముసలాయన నంబరుకి ఫోను చేశాడు. "బాబాయ్, గొలుసు ఎవరైనా విప్పారా?" అన్నాడు బొంగురు గొంతుతో. కూతురింట్లో ఎండలో కూర్చుని పేపరు చదువుకుంటున్న ముసలాయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏ గొలుసురా?" "మీ వాడు మిమ్మల్ని కట్టేసిన గొలుసు. ఆఫీసంతా తెలిసిపోయింది." ముసలాయన లేచి నిలబడ్డాడు. "నన్ను కట్టేసే మొనగాడా వాడు!" అని ఫోను కట్ చేసి, మఫ్లరు చుట్టుకుని ఇంటిదారి పట్టాడు.

"మధ్యలో ఫోను లాగేసుకున్నారమ్మా," అని రికార్డుల గుమాస్తా లోపలికొచ్చి చెప్పాడు. టైపిస్టు కళ్లు తుడుచుకుంది. మేడమ్ వృద్ధుల సంక్షేమ అధికారిణికి ఫోను చేసింది. అరగంటలో గుమాస్తాని ఆఫీసు జీపులో కూర్చోబెట్టి, "పదండి మీ ఇంటికి, మేం కళ్లారా చూడాలి," అన్నారు.

గుమాస్తా పొంగిపోయాడు. తన పెట్టె చూడటానికి ఇంతమందా! "ఇటుకలు కూడా వేశాను మేడమ్, చెమ్మ తగలకుండా," అన్నాడు దారిలో. "గడ్డి మూడ్రోజులకోసారి మారుస్తా. కావాలంటే లోపల అటూ ఇటూ తిరిగి పడుకోవచ్చు, ముడుచుకుంటే." టైపిస్టు మొహం కిటికీ వైపు తిప్పుకుంది. వెనకాలే దుప్పట్లతో అధికారిణి అంబులెన్సు వస్తోంది.

ఇంటి దగ్గర సంగతి వేరేగా ఉంది. భర్త ఫోను పెట్టేసిన మరుక్షణమే భార్య గొలుసు విప్పి పెద్దాయన్ని లోపలికి తెచ్చి, మామగారి శాలువా కప్పి, హీటరు ముందు పడుకోబెట్టి, తలుపులన్నీ బిగించి, రేడియో పెట్టుకుంది. దగ్గరదారని పెరటి గేటునుంచి వచ్చిన ముసలాయన తలుపు బాదీ బాదీ విసిగి, వరండాలో పెట్టె పక్కన చతికిలబడ్డాడు. పక్కనే పడున్న గొలుసు చేతిలోకి తీసుకుని, తనని కట్టేశారన్న గొలుసు ఇదేనా అని తిప్పి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే జనం గేటు తోసుకుని వచ్చారు.

"అయ్యయ్యో!" అంది టైపిస్టు.

అధికారిణి ముసలాయన భుజాల మీద రెండు దుప్పట్లు కప్పింది. "భయపడకండి తాతగారూ."

"భయమా? ముప్పై ఏళ్లు రైలు చివరిపెట్టెలో ఒంటరిగా నిలబడ్డవాణ్ని!"

"ఇప్పుడు ఈ పెట్టెలో పెట్టారా మిమ్మల్ని?"

ముసలాయన అప్పుడే పెట్టెవైపు సరిగ్గా చూశాడు. చూసి అదిరిపడ్డాడు. "ఒరేయ్! ఇది నా బీరువారా! నా పెళ్లినాటి బీరువా! ఇదంతా వీడే చేశాడమ్మా, వీడే!"

అధికారిణి రాసుకుంది.

గుమాస్తాకి అప్పటికి వెలిగింది. "మేడమ్! పెద్దాయనంటే కుక్క మేడమ్! కుక్క!"

"కన్నతండ్రిని పట్టుకుని, మా ముందే కుక్క అంటారా?" అని మేడమ్ గర్జించింది.

మాటలతో పని జరగదని గుమాస్తా తలుపు దగ్గరికి పరుగెత్తాడు. "పెద్దాయనా! బయటికి రా! వచ్చి నీ మొహం చూపించు!"

"ఇక్కడే ఉన్నాగా, ఎందుకలా అరుస్తావ్?" అన్నాడు వెనకనుంచి తండ్రి.

అధికారిణి అదీ రాసుకుంది. ఇంతలో తలుపు తెరుచుకుంది. శాలువా కప్పుకుని, తెల్ల మీసాలతో, బద్ధకంగా ఆవలిస్తూ పెద్దాయన గడపలో నిలబడ్డాడు. వెనకాల భార్య, "ఏంటండీ ఈ గోల, పెద్దాయన నిద్ర పాడైంది," అంది.

అధికారిణి రాసిన కాగితం చూసుకుంది. రికార్డుల గుమాస్తా ఆకాశం చూశాడు. గుమాస్తా ఛాతీ విరుచుకున్నాడు. క్షమాపణలు ఎవరినుంచి మొదలుపెట్టించాలా అని వరసగా అందరి మొహాలూ చూస్తున్నాడు.

"అంటే..." అంది టైపిస్టు నెమ్మదిగా, "ఈ చలిలో, ఆ ఇనప గొలుసుతో కట్టేసింది ఈ పసివాణ్నా?"

"పదకొండేళ్లు నిండాయి వాడికి!" అన్నాడు గుమాస్తా.

"తండ్రయితే నోరుంది, అడుగుతారు. పోలీసుల దగ్గరికెళ్తారు," అంది మేడమ్. ఇందాకటి కోపం ఇప్పటి కోపం ముందు ఏ మూలకీ రాదు. "ఇతనికి నోరుందాండీ? మూతికి పట్టా కట్టమన్నారుగా, నా చెవులతో విన్నాను!"

"బొచ్చు చూడండి మేడమ్, జానెడు! ఇతనికి చలి సరదా!"

"మీకు కోటుంది కదాని రోడ్డు మీద పడుకుంటారా?" అంది అధికారిణి. వంగి పెద్దాయన పాదం పట్టుకుని చూసి, "చల్లగా ఉంది," అని, ముసలాయన భుజాల మీది దుప్పట్లు రెండూ లాగి కుక్కకి కప్పింది. అంబులెన్సులో మిగిలినవి కూడా వచ్చాయి. ముసలాయన రెండుసార్లు తుమ్మాడు. ఎవరూ తల తిప్పలేదు.

దుప్పట్ల గుట్టలోంచి పెద్దాయన తల ఒక్కటే కనబడుతోంది. నాలుక బయటికొచ్చింది. రొప్పు మొదలైంది. ఉన్నట్టుండి ఒళ్లంతా ఒక్కసారి విదిల్చి, దుప్పట్లన్నీ కిందపడేసి, అందరి మధ్యలోంచి నడుచుకుంటూ పోయి పెట్టెలో దూరాడు. గడ్డం బయటికి పెట్టాడు. చల్లగాలి మీసాలకి తగులుతుంటే కళ్లు మూసుకుని హాయిగా నిట్టూర్చాడు.

"చూశారా! చూశారా!" అని గుమాస్తా గెంతాడు. "పొద్దుటినుంచీ నేను మొత్తుకుంటున్నది ఇదేగా! ఎవరైనా పొమ్మన్నారా? గొలుసుందా? తనంతట తనే వెళ్లాడు!"

అందరూ పెట్టెవైపు చూశారు. తర్వాత గుమాస్తావైపు చూశారు.

"మీరంటే ఎంత భయం పెట్టుకున్నాడో పాపం," అంది మేడమ్. టైపిస్టుకి మళ్లీ కళ్లనీళ్లు తిరిగాయి. భార్య కూడా, ఇరవై నాలుగ్గంటలూ ఆ కుక్కతోనే గడిపే మనిషి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

సోమవారం గుమాస్తా ఆఫీసు మెట్లెక్కుతుండగానే అందరూ చుట్టుముట్టి పెద్దాయనకి ఎలా ఉందని అడిగారు. జలుబు చేసి నూట రెండు జ్వరంతో మంచం పట్టిన తండ్రి గురించి అనుకుని ఆయన జవాబు మొదలుపెట్టేసరికి, ఒక్కొక్కరే ఎవరి బల్ల దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు.