క్యోటోలో జంటల లెక్క

ఏ ఊరైనా చూడటానికి వెళ్ళి, ఆ ఊరు చూడకుండా తిరిగి రావడమంత ఆరోగ్యకరమైన పని మరొకటి లేదు. నవ్వకండి. జపాను దేశంలో క్యోటో అనే పాత ఊరికి వెళ్ళి, దాన్ని చూడకుండా వచ్చిన అనుభవంతో చెబుతున్నాను.

చూడటం వల్ల వచ్చే నష్టం నాకు తెలుసు. చిన్నప్పుడు ముదినేపల్లి నుంచి మా అమ్మ నన్ను కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థానికి తీసుకెళ్ళింది. కొంత దూరం ఎడ్లబండి, అక్కణ్ణుంచి పడవ. గడ వేసేవాడికి తొందర లేదు, పడవకి అసలే లేదు. దారంతా చూడటం తప్ప మరో పని లేకపోయింది. ఫలితం? ఆ గడ వేసినవాడి తలపాగా రంగు, తామరాకుల మీద పరిగెత్తిన పిట్ట, మా అమ్మ కొంగున కట్టిన అటుకుల వాసన... అన్నీ ఇప్పటికీ బుర్రలో పడి ఉన్నాయి. అరవై ఏళ్ళయినా ఖాళీ కావడం లేదు! ఇంత సామాను మోసుకుంటూ మనిషి ఎలా బతకాలి చెప్పండి?

క్యోటో అలా కాదు. వెళ్ళొచ్చాను, బుర్ర శుభ్రంగా ఉంది.

అసలు నేను వెళ్ళడమే తమాషా. మా అబ్బాయి వీరరాఘవులికి ఏలూరులో రొయ్యల మేత కొట్టు ఉంది. టార్గెట్ దాటిన డీలర్లని కంపెనీవాళ్ళు జపాను తీసుకెళ్తామన్నారు, భార్యలతో సహా. మా కోడలు రమణికి మనవడు అఖిల్ టెన్త్ పరీక్షలు అడ్డం వచ్చాయి. తన బదులు నన్ను వెళ్ళమని, నాకు పాస్‌పోర్టు కూడా తనే దగ్గరుండి తీయించింది.

నేను ఒప్పుకున్నది జపాను మీద మోజుతో కాదు. కొట్టు పెట్టాక మావాడు నా పక్కన కుదురుగా కూర్చున్నది లేదు. అన్నం దగ్గర మనిషి ఉంటాడు, చెవి దగ్గర సెల్లు ఉంటుంది. టూరు బస్సులోనైనా పక్కసీటు నాదే కదా అని బయల్దేరాను. వాడు నాకేదో చెప్పాలనీ కాదు, నేను వాడికేదో చెప్పాలనీ కాదు. ఊరికే.

పక్కసీటు నాదే అయింది, నిజమే. కానీ వాడి సెల్లు జపానులో పనిచేయలేదు. మేతకొట్టువాడికి అంతకంటే ఆపద ఉందా? ఏ చెరువులో రొయ్య తేలిందో, ఏ రైతు లారీ కోసం ఎదురుచూస్తున్నాడో! గుడి కనిపిస్తే చాలు, వాడు సెల్లు పైకెత్తి సిగ్నల్ కోసం వెతికేవాడు. అదేదో మా మొక్కు అనుకుని జపాను వాళ్ళు దారి ఇచ్చేవారు.

ఇక టూరు పద్ధతి ఎంత ముచ్చటైందో చూడండి. కంపెనీ తరఫున వచ్చిన మేనేజరు ఏసుకుమార్‌ది తాడేపల్లిగూడెం. మర్యాదస్తుడు. చేతిలో చిన్న జెండా. దిగండి అమ్మగారూ, ఫోటో అయిందాండీ, ఎక్కండి అమ్మగారూ. ఇంతే ఆయన భాష. మనం గుడికి వీపు పెట్టి నిలబడి కెమెరా వైపు నవ్వాలి. కళ్ళకి శ్రమ లేదు. వెయ్యేళ్ళనాటి గుళ్ళు వెనక నిలబడి మనల్ని చూస్తాయి. ఇంతకంటే గౌరవం ఏం కావాలి?

మిగతా అందరూ మొగుడూ పెళ్ళాలు, మేం తల్లీకొడుకులం. కపుల్ ఫోటో అని పిలిచినప్పుడల్లా చెర్రీ పూల కింద వాడూ నేనూ నిలబడేవాళ్ళం. భీమడోలు డీలరు భార్య రాజశ్రీ నా కొంగు సర్ది, "ఇంకొంచెం దగ్గరికి జరగండి పిన్నిగారూ, లెక్కలో మీరూ జంటే కదా" అని ఏడిపించేది.

బంగారు రేకు తొడిగిన గుడి ఒకటుంది, చెరువు ఒడ్డున. మన డీలర్లు గుడి వైపు చూస్తే ఒట్టు. అందరూ చెరువులోకి వంగారు. గాలికొట్టే ఏరేటరు లేదన్నారు. నీళ్ళ రంగు బాగాలేదన్నారు. ఇన్ని వందల ఏళ్ళుగా చేపల్ని పట్టి అమ్మకుండా వదిలేశారంటే వీళ్ళకి వ్యాపారం తెలియదని తీర్మానించి, తృప్తిగా బస్సెక్కారు. విజ్ఞానయాత్ర అంటే ఇదే కదండీ!

ఆ తరవాత రాళ్ళ తోట. గుడి వసారా ముందు గీతలు పడేలా దువ్విన తెల్ల కంకర, అందులో పదిహేను రాళ్ళు. ఎక్కడ కూర్చుని చూసినా ఒక రాయి మరో రాయి చాటున ఉండి పద్నాలుగే కనిపిస్తాయట. ఆ మాట మనవాళ్ళ దగ్గర అనవచ్చా? లారీ దిగుమతిలో ఒక్క బస్తా తగ్గితే ఊరుకునే మనుషులేనా? ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడి, హమాలీల చేత లెక్క చెప్పించినట్టు గట్టిగా లెక్కపెట్టి తేల్చారు. సరుకు సరిపోయింది. దాంతో తోట మీద ఆసక్తీ పోయింది.

నేను వసారా చెక్క మీద కూర్చున్నాను. అరికాళ్ళకి చల్లగా తగిలింది.

"కాసేపు కూర్చోరా రాఘవులూ" అన్నాను.

"ఫోటో తీశాను కదమ్మా. ఇంటికెళ్ళాక టీవీలో పెద్దగా చూద్దువుగాని. గేటు దగ్గర ఫోను ఉందట, కొట్టుకి ఒక్కసారి చేసుకుంటాను. నువ్వు బస్సు దగ్గరికి వచ్చెయ్" అంటూ వెళ్ళాడు.

నేను లేవలేదు.

ఏసుకుమార్ బస్సు దగ్గర మనుషుల్ని లెక్కపెట్టడు, జంటల్ని లెక్కపెడతాడు. మొగుణ్ణి విడిచి పెళ్ళాం, పెళ్ళాన్ని విడిచి మొగుడు ఎక్కడికీ పోరని ఆయన నమ్మకం. ఏలూరు జంట వచ్చిందా అని అడిగితే, అప్పుడే ఫోను పెట్టేసి బస్సెక్కిన మావాడు చెయ్యెత్తాడు. నేను వెనక రాజశ్రీ దగ్గర ఉన్నాననుకున్నాడట. ఇంకేముంది, జంట వచ్చేసినట్టే. బస్సు రైస్ కుక్కర్ల షాపుకి వెళ్ళిపోయింది.

ఒంటరిగా మిగిలాను. మొదట భయం వేసిన మాట నిజం. తరవాత పనిలేక చూడటం మొదలుపెట్టాను. అదే ప్రమాదం! చూస్తున్న కొద్దీ కనిపిస్తాయి. కంకరలో గీతలు తిన్నగా వచ్చి, రాయి దగ్గర దాని చుట్టూ తిరిగి, మళ్ళీ తిన్నగా పోతున్నాయి. నూనె కలిపిన మట్టితో కట్టారట, ఆ గోడలోంచి ఎన్నాళ్ళనుంచో నూనె ఊరి, మబ్బుల్లాంటి మరకలు కట్టాయి. రాళ్ళ మొదట్లో పాచి. మనమైతే బ్లీచింగ్ చల్లి గీకేస్తాం, వీళ్ళు పెంచుకుంటున్నారు. నా ఈడు జపాను ఆవిడ ఒకరు వచ్చి పక్కన కూర్చున్నారు. ఆవిడ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. నేను మాట్లాడలేదంటే ఏలూరులో ఇప్పటికీ ఎవరూ నమ్మడం లేదు.

ఎండ గోడ దిగే వేళకి మావాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. షాపులో రాజశ్రీ, పిన్నిగారేరీ అని అడిగాక తెలిసిందట. ట్యాక్సీ పట్టుకుని వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. నన్ను చూడగానే వచ్చి పక్కన కూలబడ్డాడు.

"ఇక్కడే ఉన్నావా అమ్మా" అన్నాడు.

"భాష రాదు, దారి తెలీదు. ఎక్కడికి పోతానురా? చెమట ఆరనీ, వెళ్దాం."

చెమట ఆరింది. వాడు లేవలేదు. సెల్లు జేబులోంచి తీయలేదు. కంకర గీతల వైపు చూస్తూ, "నాన్నగారు తన కిరాణా కొట్టు కట్టేసి వచ్చాక అరుగు మీద ఇలాగే కూర్చునేవారు కదమ్మా. ఏం చూసేవారో" అన్నాడు.

"ఏమోరా. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పక్కన కూర్చునేదాన్ని, అంతే."

మూస్తున్నామని గుడివాళ్ళు వచ్చి వంగి దణ్ణం పెట్టేదాకా అలాగే ఉన్నాం.

చూశారా ఎంత నష్టమో! అందరికీ రైస్ కుక్కర్లు దొరికాయి, మాకు దొరకలేదు. పాపం ఏసుకుమార్ హోటల్లో నా చేతులు పట్టుకుని, "ఇకమీద జంటల్ని కాదండి, మనిషి మనిషినీ లెక్కపెడతానండి" అన్నాడు. నేను కంగారుపడి, "వద్దు బాబూ, నీ పద్ధతే బాగుంది, మార్చకు" అని బతిమాలాను.

ఇప్పుడు చెప్పండి, హడావిడి టూర్లని తిట్టేవాళ్ళకి బుద్ధుందా? మేనేజరు నిదానస్తుడైతే నేనూ కుక్కర్ల షాపులోనే ఉండేదాన్ని. కొడుకు పక్కన ఓ పూట కూర్చోవాలంటే ఏలూరు నుంచి జపాను వెళ్ళి తప్పిపోవడం కంటే దగ్గర దారి నాకైతే దొరకలేదు.

వచ్చే ఏడు బ్యాంకాక్ అంటున్నారు. మావాడు పొద్దస్తమానం సెల్లుతో మళ్ళీ టార్గెట్ వెనక పడ్డాడు. ఈసారి పరీక్షల గొడవ లేదు, రమణి వెళ్తుంది. ఏమేం చూడాలి అత్తయ్యగారూ అని మొన్న నన్ను అడిగింది.

"అందరూ దిగిన చోట దిగమ్మా. అందరూ ఎక్కేటప్పుడు మాత్రం ఎక్కకు" అని చెప్పాను.