కరిచే వైపు ఇవతలే ఉంది

మనిషిని మృగం బారి నుంచి కాపాడటానికి ఈ భూమ్మీద జరిగిన ఏర్పాట్లన్నిటిలోకీ ఒలోరాషా వన్యమృగాల వనం వారి ఏర్పాటు సాటిలేనిది. కంచె కడితే అడవి అందం చెడుతుందని, వారు రాత్రి బసచేసే స్థలం చుట్టూ సున్నం కొట్టిన రాళ్ళు పేర్చారు. రాళ్ళకు ఇవతల మనుషులు, అవతల జంతువులు. ఈ సంగతి ఇంగ్లీషులోనూ స్వాహిలీలోనూ పలక మీద రాయించారు. (సింహాలకు ఏ భాష వచ్చునన్నది ఇంకా పరిశీలనలో ఉంది.)

కిసీ పట్టణంలో పిల్లలకు భూగోళం చెప్పే కెరూబో పంతులమ్మ ఆ పలకను రెండు భాషల్లోనూ చదివి తృప్తిపడింది. సింహాన్ని చూడకుండానే సింహం పాఠం చెబుతున్నావంటూ తరగతిలో ఒక తుంటరి పిల్ల ఎగతాళి చేసినందుకు ఆమె మొగుణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. ఆ మొగుడు ఒంబాటికి కార్ల బడి ఉంది. సగం పట్టణానికి స్టీరింగు పట్టడం నేర్పినవాడు, పెళ్ళానికి మాత్రం మూడో పాఠంతోనే ఆపేశాడు. కాపురం నిలబడాలంటే అదే మేలన్నాడు.

పొద్దు గుంకింది. ఆ రోజు బస చేసింది వాళ్ళిద్దరే. మొక్కజొన్న పిండితో వండిన ఉగాలి ముద్దలు, ఆకుకూర వేపుడు తిన్నారు. ఒంబాటి టార్చి పట్టుకొని, రాళ్ళ అంచునున్న మరుగుదొడ్డికి బయలుదేరాడు.

"మొరా నాన్నా, చీకటిపడింది. డేరా వెనకాలే కానిచ్చేయరాదూ?" అంది కెరూబో, ఎప్పటిలా బిడ్డ పేరుతో మొగుణ్ణి పిలుస్తూ.

"అధికారికంగా కట్టిన దొడ్డి ఉండగా డేరా వెనకాలా? అయినా ఈ సింహాలకు మనిషి వాసనంటే హడలు. నువ్వే పాఠం చెబుతావుగా!"

ఆ వాసన పట్టుకొనే కాబోలు, ఆయన తలుపు వేసుకున్న కాసేపటికి ఒక ఆడసింహం వచ్చి, గుమ్మం ముందు తీరిగ్గా పడుకుంది. తలుపుకు గడియ లేదు. గడియ ఉండవలసిన చోట రెండు చిల్లులున్నాయి. ఒంబాటి నడుం బెల్టు తీసి ఆ చిల్లుల్లో దూర్చి, రెండు చేతులా లాగి పట్టుకున్నాడు. (ఇక ప్యాంటు సంగతి దేవుడి మీద భారం వేశాడు.)

కెరూబో వనం వారి సహాయ కేంద్రానికి ఫోను చేసింది. తేనెలాంటి గొంతు పలికింది: "మీరు జంతువును చూస్తుంటే ఒకటి నొక్కండి. జంతువు మిమ్మల్ని చూస్తుంటే రెండు నొక్కండి. ఒకరినొకరు చూసుకుంటుంటే, దయచేసి లైన్లో ఉండండి."

ఆమె లైన్లో ఉంది. చివరికి బస స్థలాల ఉపపర్యవేక్షకుడు ముటిస్యా పలికాడు.

"సింహం రాళ్ళకు ఇవతలుందా, అవతలుందా తల్లీ?"

"తలా ముందుకాళ్ళూ ఇవతలున్నాయయ్యా. నడుం నుంచీ అవతల."

"తోకతో కలిపి చూస్తే అవతలే ఎక్కువ. అది మా కిందికి రాదు."

"కరిచే వైపు ఇవతలుందయ్యా!"

"కరిచే వైపు అని నిబంధనల్లో ఎక్కడా లేదమ్మా."

"తుపాకీ ఉన్న మనిషినైనా పంపండి, మీకు పుణ్యముంటుంది!"

"పంపేవాణ్ణే. కానీ చీకటిపడ్డాక వనంలో ఏ బండీ కదలకూడదు. మా బండి మాత్రం బండి కాదా?"

"అయితే నడిచి రమ్మనండి!"

"నడిచా?" ముటిస్యా గొంతులో మొదటిసారిగా మానవత్వం పలికింది. "సింహాలు తిరుగుతున్నాయి తల్లీ!"

దొడ్డిలోంచి ఒంబాటి అరిచాడు. "ఏమన్నారే?"

"రారట!"

అంతలో సింహం లేచింది. ఒళ్ళు విరుచుకొని, పంజాతో తలుపును ఒక్కసారి గీకింది. రేకు కీచుమంది. సింహం రెండడుగులు వెనక్కి వేసి, తలుపునే చూస్తూ నిలబడింది. లోపల ఒంబాటి దేవుణ్ణి పిలవడం మానేసి, "కెరూబో... కెరూబో..." అని చిన్నగా అనసాగాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆమెను అలా పిలిచిన గుర్తు లేదు. ఆ పిలుపు విన్నాక కెరూబో డేరాలో ఉండలేకపోయింది. పరుగున వెళ్ళి, డేరా పక్కన నిలిపిన తమ కారెక్కింది.

ఇంజిను మొరాయించింది. దగ్గింది. ఆగిపోయింది.

"క్లచ్చి! క్లచ్చి నొక్కవే!" దొడ్డిలోంచి గురువుగారి గొంతు మళ్ళీ పుంజుకుంది. "అది బ్రేకు! ఎడమది! నీ ఎడమ!"

"నోర్మూసుకొని ఆ బెల్టు పట్టుకోండి!"

కారు కప్పలా గెంతుకుంటూ, హారన్ మోగించుకుంటూ వెళ్ళి, సింహానికీ తలుపుకీ మధ్య దూరి ఆగింది. సింహం బెదరలేదు. ఆవులించి, ఇలాంటి డ్రైవర్లను చాలామందిని చూశానన్నట్టు నాలుగడుగులు పక్కకు జరిగింది. ఆ సందులో ఒంబాటి ఒక చేత్తో ప్యాంటు పట్టుకొని, వెనక సీట్లోకి దూకి తలుపు బిగించాడు. చాలాసేపు రొప్పాడు. తర్వాత ఆమె భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"హ్యాండ్ బ్రేకు తియ్యకుండానే వచ్చావు," అన్నాడు.

ఆమె నవ్వబోయి ఏడ్చింది. ఆ రాత్రి ఇద్దరూ కారులోనే గడిపారు.

ఎండ బాగా వచ్చాక, నిబంధనలు అనుమతించిన వేళకు, తుపాకీ మనిషిని వెంటబెట్టుకొని ముటిస్యా వేంచేశాడు. కుశల ప్రశ్నల్లోనే రాత్రి కారు గెంతిన కథంతా ఒంబాటి నోట విని, అసలు విషయానికి వచ్చాడు.

"చీకటిపడ్డాక బండి నడిపారు. హారన్ కొట్టారు. వన్యప్రాణి విశ్రాంతికి భంగం కలిగించారు. ఏడాదిపాటు మీ ఇద్దరికీ ఇక్కడ బస లేదు."

"అది మా ఆయన్ని తినబోయిందయ్యా!"

"అది దాని స్వభావమమ్మా. బండి నడపడం మీ స్వభావం కాదు. కావాలంటే మీ ఆయన్నే అడగండి."

కెరూబో మొగుడి వైపు చూసింది. ఒంబాటి బూట్ల వైపు చూసుకున్నాడు. తర్వాత తలెత్తి, "చాలా బాగా నడిపింది," అన్నాడు. కార్ల బడి పెట్టాక ఆయన చెప్పిన మొదటి అబద్ధం అదే.

ముటిస్యా ఆ సాక్ష్యాన్ని నమోదు చేసుకున్నాడు. నేరం ఒప్పుకున్నట్టుగా.

ఆ సంవత్సరాంతపు నివేదికను వనం వారు ద్వారం దగ్గర అతికించారు. "బస స్థలాల్లో జంతువుల ప్రవర్తన సంతృప్తికరం. మనుషులు రాళ్ళకు అవతల ఉంటే మేలు."