కృష్ణబిలానికి రాచబాట

మార్చి పదకొండున, రొట్టె, ఉడికించిన గుడ్డు తిన్నాక, అంతరిక్ష పరిశోధన సంస్థ తన భవనాన్ని గెలాక్సీ నమూనాలో మార్చుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. గుడ్లు చక్కగా ఉడికాయి కనుక అభ్యంతరం చెప్పడానికి ఎవరికీ కారణం దొరకలేదు.

ఇందుకు మూలం సంస్థలోని ప్రొఫెసరుగారే. ఏళ్ళ తరబడి గెలాక్సీల ఫొటోలు చూసి ఆయన ఒక చిన్న వ్యాసం రాశారు. కొన్ని గెలాక్సీలలో నడిమధ్యన నక్షత్రాలు పొడుగాటి పట్టీలా బారులు తీరి ఉంటాయి. ఆ పట్టీ వెంట వాయువు మధ్యకు జారుతుంది. అది తిని అక్కడి కృష్ణబిలం బహుశా పెరుగుతుంది. డైరెక్టరుగారు 'బహుశా' కొట్టేసి, మిగతాది పరిపాలనా విధానంగా ప్రకటించారు.

"ఈ సంస్థకు కేంద్రం నేను," అన్నారాయన ప్రసంగంలో, ఎంతో వినయంగా. "నేను పెరగకపోతే మీ గతేమిటి? వంకర వరండాలు ప్రగతికి అడ్డు. అన్నీ తిన్నగా నా గదికే రావాలి. విశ్వం కోరుతున్నదీ ఇదే." విశ్వం తరఫున అందరూ చప్పట్లు కొట్టారు.

పటం గీసింది సంస్థ ఇంజనీరు, అంటే ప్రొఫెసరుగారి బావమరిది. ప్రొఫెసరుగారి గది సరిగ్గా ఆ కొత్త దారికి అడ్డంగా పడింది. అందులో ఉన్నదల్లా ఒక బల్ల, పడమటి కిటికీ, దాని పక్కన పేము కుర్చీ. భార్య బతికున్నప్పుడు సాయంత్రాలు ఆ కుర్చీలో కూర్చుని, ఫొటోలు తిరగేస్తూ, "ఇది సుడిగుండం, ఇది బొద్దింక" అని తేల్చేసేది. ఆ వర్గీకరణలో ఆయన ఈనాటికీ ఒక్కటీ మార్చలేదు.

"గోడ పోతుంది బావా. కుర్చీ మా ఇంటికి పట్టుకుపోతా, అక్కది కదా."

"అందులో కూర్చుంటే నీకు నిద్రొస్తుందిరా."

"వస్తే కుర్చీకేం నష్టం? పోనీ, నీ వ్యాసంలో 'బహుశా' ఉందని రేపు మీటింగులో ఒక్క మాట అను. పటం చింపేస్తా."

మర్నాడు ప్రొఫెసరుగారు అనడానికి లేచారు. డైరెక్టరుగారు ఆయన్ను పథకానికి మూలపురుషుడిగా పరిచయం చేసి పెద్ద పూలగుత్తి అందించారు. రెండు చేతులూ నిండిన మనిషి అభ్యంతరం ఎలా చెబుతాడు? కూర్చున్నారు.

గోడలు పడ్డాయి. విధానం అద్భుతంగా పనిచేసింది. మొదట టీ బండి లోపలికి జారింది. తరువాత ప్రింటరు, ఫ్యాన్లు, గ్రంథాలయం. సంతకం కోసం వెళ్ళిన కొత్త పరిశోధకులు తిరిగి రాలేదు, వారిప్పుడు సలహాదారులు. డైరెక్టరుగారి గది మెట్లదాకా ఉబ్బింది. టెలిస్కోపు కూడా అక్కడే ఉంది. అందులోంచి పైకప్పు ఎంతో స్పష్టంగా కనిపిస్తోంది.

చివరికి విచారణ సంఘం వచ్చి, ఇవన్నీ ఎవరు లాక్కున్నారని అడిగింది.

"ఎవరూ లాక్కోలేదండీ," అన్నాడు బావమరిది. "డైరెక్టరుగారు కుర్చీలోంచి లేవనే లేదు. అన్నీ మేమే మోసుకొచ్చి పెట్టాం."

సంఘం తృప్తిపడి, తానూ లోపలే ఆసీనమైంది. ఒక కుర్చీ తక్కువైంది. ఎవరూ అడగకముందే ప్రొఫెసరుగారు తన దగ్గరే ఉంచుకున్న పేము కుర్చీ మోసుకెళ్ళి వేశారు. నవ్వుతున్న పాఠకులు తమ కుర్చీ ఎక్కడుందో ఒకసారి చూసుకోగలరు.

ప్రొఫెసరుగారి గదికి గోడలు లేవు గాని, తలుపు మాత్రం చట్రంతో సహా నిలబడి ఉంది. బావమరిది దాన్ని పడగొట్టకుండా వదిలేశాడు. చుట్టూ ఎటునుంచైనా పోవచ్చు. అయినా సాయంత్రం ప్రొఫెసరుగారు గుమ్మంలోంచే బయటికి వచ్చి, డైరెక్టరుగారి గదిలోని పెద్దలకు ఇబ్బంది కలగకుండా, తలుపు మెల్లగా దగ్గరకు వేశారు.