కొంగు మీది చెయ్యి

ఆ ఆదివారం పొద్దున బాలకిషన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. తల్లి చీరను ఉతకాలి, గంజి పెట్టాలి, ఆరేయాలి, మడత పెట్టి ఉంచాలి. మధ్యాహ్నానికి కోరుట్ల నుంచి అక్క సరోజన వస్తుంది, అన్నం తింటుంది, చీర తీసుకుంటుంది, మనసులో ఉన్నది మరిచిపోతుంది. ఇంతే. సిరిసిల్లలో నలభై ఏళ్లు మగ్గాల మధ్య బతికినవాడికి ఒక్క చీర ఉతకడం ఏం లెక్క?

అక్క మనసులో ఉన్నదేమిటో ముందు చెప్పుకోవాలి. తల్లి పోయిన పదకొండో రోజు సరోజన, నాయిన నేసిన ఆ చీర తనకు ఇమ్మని అడిగింది. ఇల్లంతా చుట్టాలు. బాలకిషన్ భార్య ఇంద్రమ్మ పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ, ఎక్కడుందో చూసి తర్వాత ఇస్తాలే వదినా అంది. ఆ 'తర్వాత' సరోజనకు ముల్లులా గుచ్చుకుంది. మరదలు చీర దాచిందని తీర్మానించుకుని అప్పుడే చెప్పులు వేసుకుంది. ఆ వెనక రెండు రాఖీ పండుగలు పోయాయి. ఆమె రాలేదు. రాఖీ మాత్రం కవర్లో వచ్చింది, మంచీచెడూ అడిగే ముక్క ఒక్కటి కూడా లేకుండా. బాలకిషన్ ఎడమ చేత్తో కుడి చేతికి ముడి వేసుకోబోయి, చేతకాక, ఇంద్రమ్మతో కట్టించుకున్నాడు. సిరిసిల్ల మొత్తంలో పెళ్లాం చేత రాఖీ కట్టించుకున్న మొగవాడు తానొక్కడే అయ్యుంటాడని అతనికి చాలా రోజులు సిగ్గుగా ఉండేది.

పోయిన వారం ఎట్టకేలకు ఫోన్లో 'వచ్చి తీసుకపోత' అన్న మాట అక్క నోట వినేసరికి అతనికి ప్రాణం లేచి వచ్చింది. చీరను డ్రైక్లీనింగ్‌కు ఇవ్వమని ఇంద్రమ్మ చెప్పింది. బాలకిషన్ ఆ మాటను అవమానంగా భావించాడు.

ఎందుకంటే తన నాలుగు పవర్‌లూమ్‌లూ అమ్మేశాక అతని చేతులు ఊరికే ఉండలేకపోయాయి. ఫినాయిలు వాసనకు ఇంద్రమ్మకు దగ్గు తెగడం లేదన్నది సాకు. తల్లి చేసిన పద్ధతులన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని ఇంట్లోనే మొదలుపెట్టాడు. కుంకుడు రసంతో గిన్నెలు తోమే నీళ్లు. టిఫిన్ హోటలు కట్టెల పొయ్యి నుంచి బూడిద తెచ్చి, నానబెట్టి, పైన తేరిన తేటతో బట్టల నీళ్లు. నిమ్మతొక్కలు, బెల్లం కలిపి మూడు నెలలు పులియబెట్టి బండలు తుడిచే నీళ్లు. ఒకసారి ఆ నిమ్మతొక్కల సీసా మూత ఠప్పున ఎగిరి, బెల్లం పులిసిన వాసన గల్లీ అంతా కమ్ముకుంటే ఎదురింటి భూమన్న గ్లాసు పట్టుకుని వచ్చాడు. అది బండలు తుడిచేదని ఎంత చెప్పినా నమ్మలేదు. దాచుకున్నాడని వారం రోజులు పలకరించలేదు.

కుంకుళ్లు పిసుకుతుంటే మాత్రం బాలకిషన్‌కు అరవై ఏళ్లు ఎక్కడివక్కడ రాలిపోయేవి. ఆ వాసన వస్తే చాలు, గుంత మగ్గంలో నాయిన కాళ్ల చప్పుడు, కళ్లలో నురగ పడి తను పెట్టిన ఏడుపు, 'అయిపాయె, అయిపాయె' అంటూ తల రుద్దే తల్లి చేతులు అన్నీ తిరిగి వచ్చేవి. నిజానికి అతను ఇల్లు శుభ్రం చేస్తున్నది తక్కువ, తల్లిని పిలుచుకుంటున్నది ఎక్కువ.

పెట్టె తెరిచి చీర తీశాడు. నీలి గళ్ల నూలు చీర, కొంగు మాత్రం పాల తెలుపు. ఆ కొంగు మీద గోధుమ రంగులో ఒక మరక. వంకరటింకరగా, నాలుగు వైపులా పాకి ఉంది. మామూలు మనిషైతే ఆ మరకను చూసి ఏమిటా అనుకునేవాడు. బాలకిషన్ మాత్రం మగ్గం మనిషి. నూనె చుక్క పడ్డ బట్టల తానును సేటు తన మొహాన విసిరికొట్టిన రోజులు చూసినవాడు. బట్ట మీద మరక కనిపిస్తే అది ఎక్కడిదని అడగడం అతనికి రాదు, ఎట్లా పోగొట్టాలన్నదే వచ్చు. బూడిద తేటలో నానబెట్టాడు. నిమ్మతొక్కల నీళ్లు పోసి రెండు వేళ్లతో మెల్లగా రుద్దాడు. ఎండలో పరిచి మళ్లీ తడిపాడు. పదిన్నరకల్లా మరక ఉన్న చోటు తెలియలేదు.

ఇంద్రమ్మను పిలిచి చూపించాడు. ఆమె కూడా మెచ్చుకోక తప్పలేదు. యాభై ఏళ్లు పైబడిన మరక, అవ్వ అని పిలుచుకునే తల్లి వల్ల కాలేదు, తన వల్ల అయింది. చూడటానికి ఆమె లేకపోయెనే అని అతని కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

అప్పుడే ఫోన్ మోగింది. సరోజన ఎక్కిన బస్సు చందుర్తిలో ఆగింది. ఆమె గొంతు ఏడాదిన్నరగా వినని మెత్తదనంతో ఉంది.

"తమ్మీ, కట్టుకునేటందుకు కాదురా నేను చీర అడిగింది. కొంగు మీద చిన్న చెయ్యి అచ్చు ఉంటది జూడు, మైదాకుది. దానికోసమే అస్తున్న. అది జూస్తే అవ్వను జూసినట్టే ఉంటది నాకు."

బస్సు కదిలింది కాబోలు, ఫోన్ కట్టయింది. బాలకిషన్ బట్టల తీగ వైపు చూశాడు. కొంగు ఎండలో మల్లెపువ్వులా తెల్లగా ఆరుతోంది.

ఇంద్రమ్మ అక్కడే గడప మీద కూలబడింది. "ఇంకేంది, నేనే చీర మార్చిన అంటది మీ అక్క. ఇన్నొద్దులు దాచిన అన్నది, గిప్పుడు దొంగను గూడ అయిత."

ఉన్నదున్నట్టు చెప్పేయమని ఆమె సలహా. బాలకిషన్ తల అడ్డంగా ఊపాడు. "అవ్వ ఇన్నేండ్లు ఉతికితె పోనిది, నేను ఒక్క పూటల పోగొట్టిన అంటె ఎవలు నమ్ముతరే?"

నిన్నటి దాకా తన నీళ్లకు అంత శక్తి ఉందని గల్లీలో అందరినీ నమ్మించబోయినవాడు, ఇప్పుడు ఆ మాట ఎవరూ నమ్మరని బెంగపెట్టుకున్నాడు. చేతిలో ఉన్నది గంటన్నర. మరకలు పోగొట్టే మనిషి మరక పెట్టడానికి బయలుదేరాడు.

రెండిళ్ల అవతల మొగిలవ్వ గోడ పక్కన మైదాకు చెట్టు, అదే గోరింట, ఉంది. అరవై ఏళ్ల మొగవాడు సంచి పట్టుకుని మైదాకు దూస్తుంటే అరుగు మీది మొగిలవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆకును మిక్సీలో వేసి, చాయ్ డికాషను, నిమ్మరసం కలిపి ఎర్రగా పండేట్టు నూరారు. ఇక కావలసింది చిన్న చెయ్యి. అక్కడ మొగుడూ పెళ్లాలకు వాదన వచ్చింది. మైదాకు పెట్టుకునేది ఆడపిల్ల, అంటే అది సరోజన చెయ్యే, అందులో ఇద్దరికీ అనుమానం లేదు. ఏ చెయ్యి అన్నదే పేచీ. మనిషి ముందుకు చాపేది కుడి చెయ్యేనని ఇంద్రమ్మ అంది. ఎవరికి వారు పెట్టుకునేటప్పుడు ముందు పండేది ఎడమ చెయ్యని బాలకిషన్ అన్నాడు. చివరికి ఎడమే ఖాయమైంది.

ముందు గదిలో అద్దెకుండే పద్మ అప్పుడే చర్చి నుంచి వచ్చింది. ఆమె కూతురు దీవెనకు ఐదేళ్లు, ఒంటి మీద తెల్ల గౌను. తాత మైదాకు పెడతాడంటే పిల్ల ఎగిరి గంతేసింది.

మొదటి అచ్చు లేతగా పడింది. దాని మీదే ఇంకోసారి ఒత్తమంటే చెయ్యి కాస్త జరిగి, ఏడు వేళ్ల చెయ్యి ఒకటి తయారైంది. అక్కకు చిన్నప్పుడు ఏడు వేళ్లు లేవు కనుక, కిందుగా కొత్తది వేయించాడు. అది బాగా కుదిరింది. కుదిరిందని అతను మెచ్చుకునేలోపు దీవెనకు ఆట మజా తెలిసి మూడోది కూడా వేసి, మిగిలింది గౌనుకు తుడుచుకుంది. పద్మ సబ్బు కోసం లోపలికి వెళ్లిన తీరులోనే అంతా ఉంది.

బాలకిషన్ కంగారుగా నిమ్మతొక్కల సీసా తెచ్చి అనవసరమైన అచ్చుల మీద పోశాడు. పోలేదు. బూడిద తేట పోశాడు. రంగు ఇంకాస్త ముదిరింది. పొద్దున ఉండవలసిన మరకను నిమిషాల మీద మింగిన నీళ్లు, ఇప్పుడు పొమ్మన్న మరకను ముట్టనంటున్నాయి. అతను ఇంకా రుద్దుతుండగానే వాకిట్లో ఆటో ఆగింది.

సరోజన లోపలికి వచ్చింది. మోకాళ్ల నొప్పి ఎక్కువైనట్టుంది, గోడ పట్టుకుని నడిచింది. ఇంద్రమ్మ ఇచ్చిన మంచినీళ్లు తీసుకుంది కానీ తాగకుండా పక్కన పెట్టి, చీర ఏదని అడిగింది. బాలకిషన్ తడి కొంగును వీలైనంత లోపలికి మడిచి చేతికిచ్చాడు. ఆమె మడతలు విప్పింది. కళ్లజోడు పెట్టుకుంది. చాలాసేపు చూసింది. ఇంద్రమ్మ దర్వాజ పట్టుకుని నిలబడింది.

"అవ్వ ఉన్నప్పుడు ఒక్క చెయ్యే ఉండె గదరా" అంది సరోజన చివరికి. "ఆమె పోయినంక ఇది పిల్లలను గూడ కన్నదా ఏంది?"

గుమ్మంలో నుంచి దీవెన తన ఎర్రని అరచెయ్యి చాపి, తాత పెట్టమంటేనే పెట్టానని చెప్పేసింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. బాలకిషన్ అక్క కాళ్ల దగ్గర కింద కూర్చుని పొద్దున్నుంచి జరిగిందంతా చెప్పాడు. ఇంద్రమ్మకు ఏ పాపమూ తెలియదని రెండుసార్లు చెప్పాడు.

"నీ చెయ్యిని నేనే పోగొట్టిన అక్కా. నా ఈ పాడు నీళ్లతోటి."

సరోజన కళ్లజోడు తీసి అతని వంక వింతగా చూసింది. "నా చెయ్యెక్కడిదిరా? అది నీ చెయ్యి."

బాలకిషన్‌కు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. అప్పుడు అతనికి మూడేళ్లు, ఆమెకు పది. ఆషాఢంలో ఆమె మైదాకు పెట్టుకుంటుంటే తనకూ పెట్టమని ఏడుపు మొదలుపెట్టాడు. మొగపిల్లలకు పెట్టరంటే అలిగి, నాయిన మగ్గం గుంతలోకి దిగి కూర్చున్నాడు. నేత ఆగిపోయింది. గత్యంతరం లేక ఆమె అతని కుడి చేతికి మైదాకు పూసింది. పూయగానే అవ్వకు చూపించడానికి పరిగెత్తాడు. అవ్వ ఆ చీరను అదే మొదటిసారి కట్టుకుంది. వెళ్లి కొంగు పట్టుకున్నాడు.

"నన్ను రెండు కొట్టింది, నిన్ను సంకనెత్తుకున్నది. ఆ రెండు దెబ్బలు నాకింక యాదికే ఉన్నయి" అంది సరోజన. తర్వాత ఆమె గొంతు తగ్గింది. "నువ్వు భీవండి పోయి ఆరేండ్లు రాకపోతివి గదా. నేను ఎప్పుడచ్చినా అవ్వ గీ కొంగు ముంగట ఏసుకొని, ఆ అచ్చు మీద చెయ్యి పెట్టి కూసునేది. దానికి కుంకుళ్లు గూడ తగలనియ్యలె. పోక కాదురా, పోనియ్యలె."

ఆ ఆరేళ్లూ భీవండి మగ్గాల హోరులో, తనను తలుచుకునే నాథుడు లేడని ఎన్ని రాత్రులు ఉడుక్కున్నాడో బాలకిషన్‌కే తెలుసు. ఇక్కడ ఒక ముసలి చెయ్యి రోజూ తన చెయ్యి అచ్చు మీద ఆని ఉంది. ఆ పసి చెయ్యిని ఈ పొద్దున తనే ఉతికి ఆరేశాడు. పసివాడిలా ఏడ్చాడు, కళ్లలో కుంకుడు నురగ పడ్డప్పటి లాగా.

ఇంద్రమ్మ కూడా కళ్లు తుడుచుకుంది. దీవెన గౌను ఉతకడానికి బక్కెట్టు పట్టుకొచ్చిన పద్మ, సబ్బును తిరిగి డబ్బాలో పెట్టేసింది.

సరోజన మాత్రం ఏడవలేదు. మిక్సీ గిన్నెలో అడుగున మిగిలిన మైదాకును వేలితో గీకింది.

"చెయ్యి ఇటు తే."

బాలకిషన్ తాము తేల్చుకున్న లెక్కన ఎడమ చెయ్యి చాపాడు. ఆమె దాన్ని పక్కకు నెట్టి కుడి చెయ్యి లాక్కుంది. పదేళ్లప్పుడు పూసినట్టే మధ్యలో గుండ్రంగా, వేళ్ల కొనలకు టోపీల్లాగా పూసింది. కొంగు పరిచి, దీవెన అచ్చుల పక్కన అతని చెయ్యి పెట్టించి, దాని మీద తన రెండు చేతులూ వేసి ఒత్తింది. మగ్గం గుంజి కాయలు కాసిన చెయ్యి, కొంగులో సగం తనే ఆక్రమించింది. అందంగా లేదు కానీ సరోజనకు నచ్చింది.

తర్వాత ఆమె పక్కన పెట్టిన మంచినీళ్లు తీసుకుని తాగింది. "ఇంద్రమ్మా, ఆకలైతున్నది, పచ్చిపులుసు చేసినవా?" అని అడిగింది. ఏడాదిన్నరగా ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్న ఇంద్రమ్మ వంటింట్లోకి దాదాపు పరిగెత్తింది. బాలకిషన్ చెయ్యి ఆరేదాకా కడగడానికి వీల్లేదని అక్క కచ్చితంగా చెప్పింది. అందుకని ఆమే పచ్చిపులుసన్నం కలిపి అతనికి ముద్దలు పెట్టింది. సాయంత్రం బస్సెక్కేటప్పుడు చీర గుడ్డసంచిలో చంకన పెట్టుకుంది. తమ్ముడు ప్రేమగా ఇవ్వబోయిన బట్టల నీళ్ల సీసాను మాత్రం ఎంత చెప్పినా తాకలేదు. రాఖీకి తనే వస్తానంది.

రెండు వారాల పాటు బాలకిషన్ అరచెయ్యి ఎర్రగా పండి ఉంది. పాల దుకాణంలో, సెలూన్లో, మగ్గాల షెడ్డులో కనిపించిన ప్రతివాడూ, ఇల్లంతా సీసాలు పెట్టుకుని చేతి మీది మరక పోగొట్టుకోలేవా అని ఆట పట్టించాడు. తన నీళ్లకు ఇంకా పస రాలేదని బాలకిషన్ అందరికీ ఒకటే జవాబు చెప్పాడు.