చింతగింజల సైన్యం

పెళ్లాన్ని ఓడించాలని బయలుదేరేవాడు ముందు తలదాచుకోవడానికి మరో ఇల్లు చూసుకోవాలి. ఈ సంగతి బొజ్జయ్యకు ఎవరూ చెప్పలేదు.

బొజ్జయ్యది పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. పేరు పెట్టిన నాడు లేని బొజ్జ, కంపెనీ క్వార్టర్లోకి మారాక వచ్చి పేరు నిలబెట్టింది. చదరంగంలో కాలనీ మొత్తానికి తనే మొనగాడినని అతని నమ్మకం. కాలనీలో ఆ ఆట ఆడేవాళ్లు నలుగురే అన్నది వేరే విషయం.

ఈసారి మే నెలలో ఆరు రోజుల సెలవు దొరికింది, శనివారం నుంచి గురువారం దాకా. ఆ శని, ఆదివారాల్లో ఖమ్మంలో చదరంగం పోటీ. ఆ వారమే భద్రాచలం అవతల అడవిలో అత్తగారి ఊళ్లో తునికాకు కోత. ఏటా అతని సెలవంతా ఆ బీడీ ఆకు పొదల మధ్య, యాభై ఆకులకో కట్ట కడుతూ కరిగిపోయేది. బొజ్జతో వంగడం ఎంత నరకమో బొజ్జ లేనివాళ్లకు చెప్పినా అర్థం కాదు.

ఈ ఏడు రానని చెప్పేశాడు.

"నాయిన మోకాలు వంగుతలేదయ్యా. కట్టలు కల్లం కాడికి ఎవరు మోస్తరు?" అంది భార్య సంగీత.

ఆమె గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువుంది. కోపంతో అయితే ఎంతసేపైనా వాదించేవాడు, దిగులుతో వాదించడం అతనికి చేతకాదు. అందుకే పందెం అన్నాడు. చదరంగంలో తను గెలిస్తే ఖమ్మం, ఆమె గెలిస్తే ఆరు రోజులూ ఆకే.

సంగీత ఒప్పుకోలేదు. ఆ గుర్రం ఎటు దూకుతుందో గుర్రానికే తెలియదని, అంతమంది నడకలు తను నేర్చుకునేసరికి ఆకు ముదిరిపోతుందని తేల్చేసింది.

బొజ్జయ్య ఫోన్‌లో వెతికాడు. ఒక వైపు మామూలు సైన్యం, రెండో వైపు వట్టి బంట్లు ఉండే ఆట ఒకటి దొరికింది. బంట్లకు రాజు లేడు, మంత్రి లేడు, ఏనుగూ లేదు. బంట్లన్నిటినీ చంపితే సైన్యం గెలిచినట్టు, రాజును కట్టిపడేస్తే బంట్లు గెలిచినట్టు.

"నాకు పదహారే. నీకు ముప్పై రెండు. మామ మీద గౌరవంతోని ఇస్తున్న," అన్నాడు ఎంతో ఉదారంగా.

బంటు ఎలా నడుస్తుందో అడిగి తెలుసుకుంది సంగీత. ముందుకు ఒక్క అడుగు, చంపాలంటే మూలకు, వెనక్కి రావడం లేదు. ఆమె గళ్ల వంక కాసేపు చూసింది. "గిది మా పులి-మేక లెక్కనే ఉంది," అంది.

బొజ్జయ్య నవ్వాడు. నవ్వకుండా ఆలోచించాల్సింది. పులి-మేక అడవి ఊళ్లలో నేల మీద గీసుకుని ఆడే ఆట. మేక వెనక ఖాళీ ఉంటే పులి దూకి తినేస్తుంది, మేకలు ఒకదాని వెనక ఒకటి నిలబడితే పులికి దిక్కుండదు. చిన్నప్పుడు ఆ ఊళ్లో పులులు సంగీత తండ్రి జంపయ్యవి, మేకలు సంగీతవి.

పెట్టెలో బంట్లు చాలక చింతగింజలు తెచ్చి నాలుగు వరుసలు నింపింది. బొజ్జయ్య గుర్రం దర్జాగా దూకి ఒక గింజను తిన్నది. వెనక గింజ గుర్రాన్ని తిన్నది. ఏనుగు పగ తీర్చుకోబోయి అదే దారిన పోయింది. వంటింట్లో పప్పు పొంగితే సంగీత రెండుసార్లు లేచి వెళ్లింది కానీ, వచ్చిన ప్రతిసారీ చూడకుండానే జరిపినట్టు ఒక గింజను జరిపింది. అతని మంత్రి కూడా పోయాడు.

"నీ మేకలకు కొమ్ములున్నయా ఏంది?"

"మందల ఉన్నదానికి కొమ్ములెందుకయ్యా?"

ఇక నీతి పనికిరాదని తేలిపోయింది. టేబుల్ ఫ్యాను తగ్గించే నెపంతో వంగి ఒక గింజను కాజేశాడు.

"ఇరవై మూడుండాలె, ఇరవై రెండే ఉన్నయ్. నీ బొజ్జ కింద చూడు," అంది సంగీత తల ఎత్తకుండానే. చూస్తే అక్కడే ఉంది.

చివరికి బొజ్జయ్యకు రాజొక్కడే మిగిలాడు. ఒక గింజ ఆఖరి వరుస అంచుకు చేరింది. ఇంకొక్క అడుగేస్తే అది మంత్రి అవుతుందని బొజ్జయ్య నోరు జారాడు. మేకకు మంత్రి పదవి ఎందుకని, పదవొస్తే మందను మరిచిపోతుందని ఆమె వేరే గింజను జరిపింది. మూలనున్న రాజు చుట్టూ దడి పూర్తయింది. "ఐపాయె. ఇగ కదులు," అంది.

కదలడానికి గడి లేదు. బొజ్జయ్య మొహం వాడిపోయి, మరుక్షణమే వెలిగింది. రాజుకు చెక్కూ లేదు, కదలికా లేదు. అంటే డ్రా. ఎవరూ గెలవలేదని, చెరి సగం పాయింటని, పందెం రద్దని ఫోన్‌లో రూలు తీసి మరీ చూపించాడు.

సంగీత తండ్రికి ఫోన్ చేసి తీర్పు అడిగింది. కదలలేకపోతే పులి ఓడినట్టేనని జంపయ్య అన్నాడు.

"గిది పులి కాదు మామా, రాజు."

"రాజైతే కదలకున్నా గెలుస్తడా అల్లుడా?"

బొజ్జయ్య మాత్రం రూలంటే రూలేనని, సగమంటే సగమేనని పట్టు వదలలేదు. సంగీత సరే, నీ మాటే కానీ అంది. అతనికి గెలిచినంత సంబరమైంది.

"ఆరు రోజులల్ల సగమంటే మూడు. శనారం, ఐతారం, సోమారం నావి. మంగళారం నుంచి నీవి. ఖమ్మం పోయి ఎంతసేపైనా ఆడుకో, నేను అడ్డం రాను."

ఖమ్మంలో పోటీ ఆదివారం సాయంత్రానికే అయిపోతుంది. ముందు సగం ఎవరిదో చెప్పే రూలు కోసం బొజ్జయ్య ఫోనంతా గాలించాడు, ఎక్కడా రాసి లేదు. శనివారం పొద్దు పొడిచేసరికి తునికి పొద ముందు వంగి ఉన్నాడు.